అటెండర్ ఎవరమ్మా?

కీమోథెరపీ వార్డు తలుపు దగ్గర నిలబడి నర్సు గట్టిగా పిలిచింది. "పదకొండో నంబరు బెడ్డు అటెండర్ ఎవరమ్మా?" నా పక్కన కూర్చున్న వదిన చప్పున లేచింది. ఒళ్ళోని సంచీ సర్దుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి రెండడుగులు ముందుకు వేసింది కూడా. పదకొండో నంబరు బెడ్డు ఆమెదే. పేషెంటు ఆమె, అటెండర్‌ని నేను.

"మీరు కాదమ్మా, మీతో వచ్చినవాళ్ళు" అంది నర్సు మెత్తగానే. వదిన వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆ చూపులోని తికమక నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. మా ఇంటికి కోడలిగా వచ్చిన ముప్ఫై రెండేళ్ళలో ఆసుపత్రి అంటే ఆమెకు తెలిసిన పని అదొక్కటే. మా నాన్న కంటి ఆపరేషన్‌కు అటెండర్ ఆమె. అన్నయ్య ట్రాక్టరు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు ఆమె. మా అమ్మ పక్షవాతంతో నాలుగేళ్ళు మంచాన పడితే బెడ్‌పాన్ పెట్టింది, ఒళ్ళు తుడిచింది, ముద్ద కలిపి పెట్టింది ఆమె. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ నెలకోసారి పండ్లు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చేదాన్ని. పిలుపు వినగానే ఆమె లేవడంలో వింతేమీ లేదు. ఆమె కోసం లేవవలసినవాళ్ళు ఎవరో ఆమెకే తెలియకపోవడం నన్ను కుదిపేసింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

వదిన గడ్డను మొదట గమనించింది 2023 వేసవిలో, స్నానం చేస్తున్నప్పుడు. చిక్కుడు గింజంత ఉందట. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెలా అవుతుంది అనుకుంది. అప్పటికే కూతురు పురిటికి వచ్చి ఉంది. అయిదో నెల వచ్చి తల్లీబిడ్డా అత్తవారింటికి వెళ్ళాక చూపించుకుందామనుకుంది. వాళ్ళు వెళ్ళేసరికి నాట్లు మొదలయ్యాయి. ఆ తర్వాత కోతలు. డిసెంబరులో నాకు ఫోను చేసి, అటూ ఇటూ పది మాటలు మాట్లాడి, పెట్టేసే ముందు "అమ్మాయ్, రొమ్ములో ఏదో చిన్న గడ్డలాంటిది ఉంది" అంది. అప్పటికది నిమ్మకాయంత అయింది. ఆలస్యం చేసిందని ఆమెను తిట్టినవాళ్ళు మా చుట్టాల్లో చాలామంది ఉన్నారు. ఆ ఎనిమిది నెలలూ ఆమె ఎవరికి చాకిరీ చేస్తూ ఉండిపోయిందో వాళ్ళలో ఒక్కరూ లెక్క వేయలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే రాయను. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో దాదాపు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఆ ఒక్క ఏడాదిలోనే సుమారు 98 వేల మంది దానితో చనిపోయారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరో 1.27 లక్షల మందికి వచ్చింది, దాదాపు 80 వేల మందిని తీసుకుపోయింది. ఈ రెండూ తొలిదశలో పట్టుకుంటే బాగా లొంగే జబ్బులు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముప్ఫై నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు స్త్రీలను అడిగితే, జీవితంలో ఒక్కసారైనా గర్భాశయ ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు నూటికి 1.9, రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9. నూరు మందిని వరుసగా నిలబెడితే ఆ వరుసలో రొమ్ము పరీక్ష అయినవారు ఒకరు కూడా నిండుగా ఉండరు.

ఇక్కడ ఒక మాట ముందుగానే ఒప్పుకోవాలి. మా వదిన బతికి ఉండటానికి ఆరోగ్యశ్రీ కారణం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఈ పథకం లేకపోతే మా అన్నయ్య రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మేవాడు. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. ఆపరేషన్‌కు, కీమోకు, రేడియేషన్‌కు మేము డబ్బు కట్టలేదు. పథకాలను చులకన చేసి మాట్లాడేవారితో నాకు పొత్తు లేదు. కానీ ఆరోగ్యశ్రీ డబ్బు కట్టింది శరీరానికి చేసే పనులకు. ఆ శరీరాన్ని ఊరి నుంచి ఆసుపత్రికి, ఒక గది నుంచి మరో గదికి, మూడో కీమో నుంచి నాలుగో కీమోకు తీసుకురావడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఖర్చు ఏ ప్యాకేజీలోనూ లేదు. ఆ మనిషి ఇంట్లో ఉంటుందని మన వ్యవస్థ అనుకుంటుంది. ఆ ఇంటి మనిషే జబ్బు పడితే ఏమిటన్న ప్రశ్నకు దాని దగ్గర జవాబు లేదు.

నేను వాదించదలచింది ఇదే. క్యాన్సర్ వచ్చిన స్త్రీకి తోడు అనేది వైద్యంలో భాగం. దాన్ని దయగల చుట్టాలకూ స్వచ్ఛంద సంస్థలకూ వదిలేయకూడదు. మందుకు డబ్బు కట్టినట్టే దానికీ ప్రభుత్వం డబ్బు కట్టాలి.

చికిత్స ఎంత పొడుగు వ్యవహారమో అనుభవించనివారికి తెలియదు. ముందు సూదితో ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ఆ రిపోర్టు వచ్చాక, గడ్డ ఏ రకందో తేల్చడానికి అదే ముక్క మీద ఇంకో పరీక్ష. దాని ఫలితం కోసం మళ్ళీ ఎదురుచూపు. వదినకు గడ్డ పెద్దది కావడంతో ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ అన్నారు. ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఎనిమిది కీమోలు. ప్రతిసారీ ముందురోజు రక్తపరీక్ష, కణాలు సరిపడా ఉంటేనే మర్నాడు మందు, లేకపోతే వెనక్కి పంపి వారం తర్వాత రమ్మంటారు. ఆరు నెలలు అలా గడిచాయి. తర్వాత ఆపరేషన్, కుట్లు, చంక పక్కన వేలాడే డ్రైన్ గొట్టం. అది మానాక వారానికి అయిదు రోజులు, మూడు వారాలు రేడియేషన్. ఆపైన అయిదేళ్ళు రోజూ మాత్ర. మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి నగరానికి బస్సులో నాలుగు గంటలు. ఆమె దిగడానికి మా ఇల్లు ఉంది. రేడియేషన్ గది బయట మాకు పరిచయమైన ఒకామె మూడు వారాలూ ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని పడుకుంది. పొద్దున్నే బాత్‌రూము దగ్గర వరుసలో నిలబడి, ఒంటి మీద గీసిన రేడియేషన్ గుర్తులు చెరిగిపోకుండా తడిగుడ్డతో తుడుచుకుని, అయిదు రూపాయల భోజనం ఒక పూట తిని, రోజూ అయిదు నిమిషాల చికిత్స కోసం ఇరవై నాలుగు గంటలు అలా బతికింది. రెండో వారంలో ఒకరోజు ఆమె కనిపించకపోతే మా గుండెలు జారిపోయాయి. మర్నాడు వచ్చింది. ఇంట్లో పాడిగేదె ఈనిందట, చూసుకునేవాళ్ళు లేక వెళ్ళి వచ్చిందట.

చికిత్స మధ్యలో మానేసేవారి గురించి మాట్లాడేటప్పుడు "అవగాహన లేదు" అనే మాట చాలా సులువుగా వాడతారు. ఆమెకు అవగాహన ఉంది. గేదెకు మేత వేసే మనిషి లేదు.

ఇంకో సంగతి. మా వదిన ప్రయాణాలకు అన్నిటికంటే ఎక్కువ సాయపడిన పథకం పేరులో క్యాన్సర్ అన్న మాటే లేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి వచ్చింది. ఎనిమిది కీమోలకు, వాటి రక్తపరీక్షలకు, ఆపరేషన్‌కు, తర్వాతి చెకప్‌లకు ఆమె తిరిగిన బస్సులకు పైసా ఖర్చు కాలేదు. తోడు వచ్చిన కూతురికీ కాలేదు. అన్నయ్యను చార్జీల డబ్బు అడగనవసరం లేకపోవడం వల్ల ఆమె ఒక్క తేదీ కూడా తప్పలేదని నా నమ్మకం. ఉచిత బస్సుల మీద జోకులు వేసేవారు ఒకసారి పొద్దున్నే క్యాన్సర్ ఆసుపత్రి దగ్గరి బస్టాపులో నిలబడి ఎవరెవరు దిగుతున్నారో చూడాలి. రైల్లో వెళ్ళేవారికీ రాయితీ ఉంది. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపరులో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం. వెంట వెళ్ళేవారికి నూటికి డెబ్బై అయిదు తగ్గింపు. దానికి ఆసుపత్రి నుంచి ఒక పత్రం కావాలి. ఆ పత్రం సంగతి మాకు తెలిసిన రోగుల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

చెప్పకపోవడం ఎంత ప్రమాదమో మాకు రెండో కీమో తర్వాత తెలిసింది. పదో రోజు రాత్రి వదినకు చలితో జ్వరం వచ్చింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేసి, మాత్ర ఇచ్చి, పొద్దున్నకు తగ్గుతుందన్నాడు. తగ్గలేదు. తెల్లవారుజామున అన్నయ్య నాకు ఫోను చేస్తే, నాకు తెలిసిన ఒక డాక్టరమ్మను నిద్ర లేపి అడిగాను. ఆవిడ గొంతు మారిపోయింది. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది అత్యవసర పరిస్థితి, గంటలు కూడా ఆగకుండా ఆసుపత్రికి చేరాలి. కారు మాట్లాడుకుని తీసుకొచ్చాం. నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. మాకిచ్చిన కాగితాల కట్టలో ఆ జాగ్రత్త ఉందేమో అని తర్వాత వెతికాను. ఉంది, ఇంగ్లీషులో, మూడో పేజీ అడుగున. మా వదిన ఏడో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకుంది. ఎవరైనా ఆమె ఎదురుగా కూర్చుని "అమ్మా, జ్వరం వస్తే ఊళ్ళో సూది వేయించుకోవద్దు, ఈ నంబరుకు ఫోను చెయ్యి" అని ఉంటే చాలు. అలా చెప్పే ఉద్యోగం ఒకటి ఉండాలి కదా?

వార్డులో డాక్టర్లను తప్పుపట్టలేను. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాటేవరకు వాళ్ళు తల ఎత్తరు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ మూడు నిమిషాల్లో గడ్డ గురించి మాట్లాడతారు. మిగతా ఆడ మనిషి గురించి ఎప్పుడు మాట్లాడాలి?

ఉదాహరణకు జుట్టు. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుందని చెప్పారు. వదిన ఆ రాత్రంతా ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే "గుట్టకు పోయి ఇచ్చేస్తాను" అంది. అన్నయ్య, ఆమె యాదగిరిగుట్టకు వెళ్ళారు. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, దర్శనం చేసుకుని, గుండుకు పసుపు గంధం రాసుకుని వచ్చింది. ఊళ్ళో ఎవరూ ఏమీ అడగలేదు. మొక్కు అనుకున్నారు. రాలిపోయే జుట్టును తన చేతులతో తానే దేవుడికి ఇచ్చిన ఆ తెలివికి నేను ఇప్పటికీ నమస్కరిస్తాను. మన తరం మరిచిపోయింది కానీ, మా నాయనమ్మ తరంలో బోడి తల అంటే భర్త పోయిన స్త్రీకి బలవంతంగా చేసిన పని. ఆ జ్ఞాపకం పల్లెల్లో ఇంకా పూర్తిగా చావలేదు. జుట్టు లేని నడివయసు ఆడదాన్ని చూడగానే కొందరి కళ్ళు మొదట మెడలోని పుస్తెల కోసం వెతకడం నేను గమనించాను.

తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలు ఏటా టన్నుల కొద్దీ వేలానికి వెళతాయి. అందులో మేలైన పొడవు జుట్టు విదేశాల్లో విగ్గులవుతుంది. ఆ జుట్టులో ఎక్కువ భాగం మన ఆడవాళ్ళదే. అందులో కొంత భాగాన్ని మన క్యాన్సర్ ఆసుపత్రుల్లోని స్త్రీలకు విగ్గులుగా తిరిగి ఇవ్వడం దేవస్థానానికి పెద్ద పని కాదు, దేవుడికి అయిష్టమూ కాదు. అందరికీ విగ్గు కావాలని నేననను. మా వదిన ఉక్కపోతకు భరించలేక మెత్తటి నూలు చీర చింపి తలకు కట్టుకుంది, అదే హాయిగా ఉందంది. కావాలో వద్దో తేల్చుకునే అవకాశం మాత్రం మంచి జీతాలున్నవారికే ఉండకూడదు.

ఆపరేషన్‌లో కుడి రొమ్ము తీసేశారు. ఆ తర్వాత ఆమె మొదట అడిగిన ప్రశ్న ప్రాణం గురించి కాదు, జాకెట్టు గురించి. ఒకవైపు బరువు లేకపోవడంతో భుజం ఒరిగిపోతుంది, నడుము లాగుతుంది. ఇది అందం సంగతి అనుకునేవారు ఒకవైపు మాత్రమే బిందె మోసుకుంటూ ఒక రోజంతా నడిచి చూడాలి. వదిన మొదట పాత లుంగీ గుడ్డ మడిచి లోపల పెట్టుకుంది. అది జారిపోయేది. సంతకు వెళ్ళినప్పుడు ఒకసారి జారి, చేతులు కట్టుకుని ఇంటికి పరుగున వచ్చిందట. నూలుదారంతో అల్లి, లోపల దూదిలాంటిది నింపిన తేలికపాటి అమరికలు ఉన్నాయని, కొన్ని స్వచ్ఛంద బృందాలు వాటిని ఉచితంగా అల్లి పంపుతాయని నాకు ఆ తర్వాత తెలిసింది. మా కాలనీ దర్జీ ఆమెతో మూడు జాకెట్లకు లోపల చిన్న జేబు కుట్టించాం. ఆపరేషన్‌కు డబ్బు కట్టే పథకం ఆ జేబును, ఆ అల్లికను ఎందుకు ఇవ్వదు? కాలు తీసేసినవారికి కృత్రిమ కాలు ఇవ్వడం మన ప్రభుత్వాలకు తెలుసు కదా.

ఇక చేయి. చంకలోని లింఫ్ గ్రంథులు తీసినవారికి ఆ చేయి వాచే ప్రమాదం ఉంటుంది. ఒకసారి గట్టిగా వాచిందంటే మళ్ళీ మామూలు కావడం కష్టం. అందుకే ఆ చేతికి బిగుతు గాజులు వద్దంటారు, సూదులూ బీపీ పట్టీలూ రెండో చేతికి పెట్టించుకోమంటారు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో సాలెపురుగులా పైకి పాకిస్తూ చేసే వ్యాయామం రోజూ చేయాలి. గాజులు లేని చేయి శుభకార్యంలో కనిపిస్తే ఏమంటారో తెలుగువారికి వేరే చెప్పాలా? వదిన వదులు గాజులు రెండు వెతికి వేసుకుంది. బరువులు ఎత్తవద్దన్నారు. నీళ్ళ బిందె ఎవరు ఎత్తుతారో, నాటు ఎవరు వేస్తారో మాత్రం చెప్పలేదు. అన్నయ్య ఎత్తాడు. ఆయన గురించి కూడా ఇక్కడ చెప్పాలి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి పొయ్యి వెలిగించి రాగిజావ కాచడం నేర్చుకున్నాడు. నోరంతా పూసిపోయి ఆమె ఏదీ మింగలేని రోజుల్లో ఆ జావ చల్లార్చి చెంచాతో పట్టాడు. ఎవరైనా నేర్పితే మగవాళ్ళు నేర్చుకుంటారు. మన ఆసుపత్రుల్లో భర్తను కూర్చోబెట్టి "మీరు చేయవలసిన పనులు ఇవి" అని చెప్పేవారు లేరు. చెప్పి ఉంటే, తలవాకిట్లో బీడీ కాలుస్తూ నిస్సహాయంగా కూర్చున్న ఎందరో భర్తలు పనికొచ్చే మనుషులు అయ్యేవారు.

మాట్లాడటానికి నేనే ఇబ్బంది పడిన సంగతి ఒకటుంది. రేడియేషన్ గది బయట ఒకామె, నలభై ఏళ్ళు కూడా ఉండవు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ అయిపోయి, లోపలి నుంచి ఇచ్చేది మొదలవుతోంది. వారం రోజులు పక్కపక్కనే కూర్చున్నాక, ఒకరోజు నా చెవి దగ్గరకు వంగి, ఇది అయ్యాక తాను మళ్ళీ భర్తతో కాపురం చేయవచ్చా అని అడిగింది. నాకు జవాబు తెలియదు. ఆమె ఎదుట రోజూ డాక్టర్లు, టెక్నీషియన్లు, నర్సులు తిరుగుతున్నారు. ఆ ప్రశ్న అడగడానికి ఆమెకు దొరికింది మాత్రం ఏమీ తెలియని నేను. తర్వాత కనుక్కుని చెప్పాను. గర్భాశయాన్ని తీయకపోయినా రేడియేషన్ వల్ల నెలసరి ఆగిపోతుంది, యోనిమార్గం బిగుసుకుపోవచ్చు, దానికి సాధనాలు, క్రీములు, వ్యాయామాలు ఉన్నాయి, కొన్ని వారాలు ఆగాక కాపురం చేయవచ్చు, జబ్బు భర్తకు అంటుకోదు. ఆ చివరి మాట వినగానే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అత్తగారు ఆమె కంచం, గ్లాసు వేరు చేసి ఆరు నెలలయిందట.

విని అర్థం చేసుకునే హక్కును మనం ఎంత తేలిగ్గా తీసుకుంటామో ఖమ్మం జిల్లా ఒకసారి చూసింది. 2009లో అక్కడి గిరిజన ఆశ్రమ పాఠశాలల బాలికలకు ఈ క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రయోగాత్మకంగా ఇచ్చారు. కొందరు బాలికలు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం చాలావరకు లేదని విచారణలో తేలింది. కానీ చాలా చోట్ల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని కూడా తేలింది. ఆ టీకా మంచిది, నేను మా చుట్టాలమ్మాయికి వేయించాను, మీ పిల్లలకూ వేయించమంటాను. 2022లో మన దేశంలోనే దాన్ని తయారు చేసుకున్నాం. అయినా భద్రాచలం వైపు ఒక తల్లి ఇంకా భయపడితే ఆమెను మూఢురాలు అనే అర్హత ఎవరికీ లేదు. ఆనాడు ఆమె ఎదుట కూర్చుని పావుగంట మాట్లాడి ఉంటే ఆ భయం ఇన్నేళ్ళు నిలిచేది కాదు.

పక్కన కూర్చుని మాట్లాడే మనిషి వల్ల ప్రాణాలు నిలుస్తాయా అని అడిగేవారికి న్యూయార్క్‌లోని హార్లెమ్ సంగతి చెబుతాను. అప్పట్లో అది ప్రధానంగా పేద నల్లజాతివారు ఉండే ప్రాంతం. అక్కడి ఆసుపత్రి సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్, రొమ్ము క్యాన్సర్‌తో వచ్చే స్త్రీలు ముదిరిపోయాకే రావడం చూసి, ఉచిత పరీక్షలతో పాటు 1990లో ఒక కొత్త ఉద్యోగం పెట్టాడు. అనుమానం కలిగిన రోజు నుంచి చికిత్స పూర్తయ్యే రోజు వరకు రోగి చేయి పట్టుకుని నడిపించే మనిషి. అంతకుముందు అక్కడ రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో అయిదేళ్ళు బతికినవారు నూటికి 39. ఆ తర్వాత 70. ముంబయిలోని టాటా మెమోరియల్ వారు ఇలాంటి మనుషులను తయారు చేయడానికి ఒక ఏడాది కోర్సు పెట్టి దానికి కేవట్ అని పేరు పెట్టారు. రాముణ్ణి గంగ దాటించిన పడవవాడి పేరు. మనం గుహుడు అని చెప్పుకునే ఆ కథే. ఎంత చక్కని పేరు! ఏరు దాటించేవాడు ఏరు గురించి పుస్తకాలు చదివినవాడు కానక్కరలేదు, సుడి ఎక్కడుందో తెలిసినవాడైతే చాలు.

మన దగ్గర ఆ ఉద్యోగానికి పేరు కూడా సిద్ధంగానే ఉంది. ఆరోగ్యశ్రీ మొదలైన రోజుల నుంచి ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. కార్డు చూడటం, ఫోటో తీయడం, అనుమతి తెప్పించడం, ఇలా వారి పని కాగితాల దగ్గరే అయిపోతోంది. క్యాన్సర్ ఆసుపత్రుల్లోనైనా మిత్ర అన్న మాటను నిజం చేయాలి. చికిత్స పూర్తి చేసుకుని కోలుకున్న స్త్రీలకే శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, ఒక్కొక్కరికి కొందరు రోగులను అప్పగించాలి. వచ్చే తేదీ గుర్తు చేయడానికి, రాని రోజున ఎందుకు రాలేదో కనుక్కోవడానికి, రాత్రి జ్వరం వస్తే ఫోను ఎత్తడానికి, జాకెట్టు గురించీ కాపురం గురించీ సిగ్గుపడకుండా మాట్లాడటానికి. డబ్బెక్కడిది అంటారు. ఆరు కీమోలు ఇచ్చాక ఏడోదానికి రాక జబ్బు తిరగబెడితే, మొదటి ఆరింటికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఏమైనట్టు?

కుటుంబాలు చూసుకుంటున్నాయి కదా, ఇది మన సంస్కృతి అని ఇంకో వాదన వినిపిస్తుంది. మన సంస్కృతిలో ఆ చూసుకునే కుటుంబం పేరు మా ఊళ్ళో మా వదిన. ఆమె పడిపోతే ఆ స్థానంలోకి ఇంకో ఆడది వస్తుంది. ఆమె కూతురు చంటిబిడ్డను చంకన వేసుకుని ఎనిమిది కీమోలకు తిరిగింది. వార్డులో మగవారి మంచాల పక్కన భార్యలు కనిపించారు. ఆడవారి మంచాల పక్కన ఎక్కువగా తల్లులు, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు కనిపించారు. వాళ్ళూ దొరకనివారు చాలామందే ఉన్నారు.

ఊళ్ళలో దీనికి పునాది లేకపోలేదు. పదిమంది ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని కష్టం చెప్పుకోవడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారాకు ఎదురు తిరిగినవారు ఆడవాళ్ళే. ఆ తర్వాత ఊరూరా పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. అప్పు వాయిదాలు మాట్లాడుకునే ఆ సమావేశంలో నెలకోసారి ఆశా కార్యకర్త వచ్చి రొమ్ము పరీక్ష ఎలా చేసుకోవాలో చూపించడానికి, చికిత్సలో ఉన్న సభ్యురాలి పొలం పని ఆ వారం ఎవరు పంచుకుంటారో మాట్లాడుకోవడానికి కొత్త భవనాలేవీ కట్టనవసరం లేదు. చెన్నైలోని అడయారు క్యాన్సర్ ఆసుపత్రి పుట్టింది కూడా స్త్రీల సంఘం నుంచే. చెల్లెలు క్యాన్సర్‌తో కన్నుమూయడం చూసిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, మహిళా సంఘం ద్వారా చందాలు పోగుచేసి 1954లో పన్నెండు పడకలతో మొదలుపెట్టారు. మా చిన్నప్పుడు ఎవరినైనా "అడయారు తీసుకెళ్ళారు" అంటే ఇంకే జబ్బో అడగనవసరం ఉండేది కాదు.

నయం కానివారి గురించి కూడా చెప్పకుండా ఉండలేను. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పీ బాధా తగ్గించే పాలియేటివ్ విభాగం, తెలంగాణ జిల్లాల్లో అదే పని చేసే ఆలన కేంద్రాలు, నగరంలో చివరి రోజుల రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ చేస్తున్న పని ఎంత గొప్పదో ఆ గడప తొక్కినవారికి తెలుసు. మార్ఫిన్ అంటే చావు మందు అని భయపడి, నొప్పితో గుడ్లప్పగించి పడుకున్న తల్లికి అది వద్దన్న కొడుకును నేను చూశాను. సరైన మోతాదులో ఇచ్చిన మార్ఫిన్ నొప్పిని తీస్తుంది, మనిషిని కాదు. చివరి నెలల్లో ఒక స్త్రీ నొప్పి లేకుండా కూర్చుని మనవరాలికి జడ వేయగలగడం చిన్న విషయం కాదు. అది ఆమెకు రావలసిన హక్కు.

వదిన చికిత్స 2024లో పూర్తయింది. రోజూ మాత్ర వేసుకుంటోంది. ఆరు నెలలకోసారి చెకప్‌కు వస్తోంది. నా దగ్గర తీసుకున్న ఒక పాత డైరీలో తనకు తెలిసినవన్నీ తెలుగులో రాసుకుంది. రక్తపరీక్ష టోకెన్లు ఎన్నింటికి ఇస్తారు, బయాప్సీ రిపోర్టు ఏ కిటికీ దగ్గర తీసుకోవాలి, నోరు పూసినప్పుడు ఏం తినాలి, జ్వరం ఎంత దాటితే ఆగకూడదు. మొన్న సంక్రాంతి వెళ్ళాక ఫోను చేసింది. వాళ్ళ వీధి చివర ఇంట్లో ఉండే ఒకామెకు గడ్డ కనిపించిందట. బఠాణీ గింజంతే ఉందట. భర్త కూలికి వేరే ఊరు వెళ్ళాడు, వెంట వచ్చేవారు లేరు. సోమవారం తానే తీసుకొస్తున్నానని చెప్పింది.

"నేను సెలవు పెట్టి రానా?" అని అడిగాను.

"ఎందుకు? నాకు తెలుసుగా" అంది. "పొద్దున అయిదింటి బస్సుకు వస్తాం. నువ్వు రాత్రికి నాలుగు గుడ్లు ఉడకబెట్టి ఉంచు చాలు. ఆమె సరిగ్గా తిని నాలుగు రోజులయింది."